రాగిపట్టీ

"మా ఆయన సిగరెట్లు కాల్చేవారు. దాచడానికేముంది? కానీ ఫ్యాక్టరీ లోపల కాల్చలేదు. అదొక్కటి తేల్చండి, చాలు," అందావిడ.

శనివారం పొద్దున ఎనిమిదిన్నర. రెండు గదుల ఇల్లు. ఆవిడ భర్త జిగురు ఫ్యాక్టరీలో డ్రమ్ములు నింపే మేస్త్రీ. పంతొమ్మిదేళ్లుగా అదే పని. మొన్న బుధవారం మధ్యాహ్నం రెండూ నలభైకి, రెండో నంబరు గదిలో టోలుయిన్ ద్రవం నింపుతుండగా మంటలు లేచి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయనతోపాటు డ్రమ్ములు జరిపే మనిషి కూడా పోయాడు. ఆ రెండో మనిషిది పక్కిల్లే. మధ్యలో ఒక్క గోడ.

నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. అంతకుముందు ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీల తనిఖీలో అరిగిపోయాను. ఎక్కడికెళ్లినా సంచిలో కరెంటు మీటరు ఉంటుంది కాబట్టి నన్ను మీటరాయన అంటారు. అసలు పేరు పెట్టిన మా అమ్మ కూడా చివరికి అలాగే పిలిచింది.

నన్ను పిలిపించింది ఆవిడ తమ్ముడు. ఆ ఫ్యాక్టరీలోనే పెయింటరు. తొమ్మిదేళ్ల వయసులో అమ్మానాన్నా పోతే అక్కా బావా తెచ్చుకుని పెంచారట. ఇప్పుడు ఇరవై ఆరు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమంటే కూర్చోలేదు.

నేనడిగినవన్నీ ఆవిడ వరసగా చెప్పింది. భర్త పనికి నూలు బట్టలే వేసుకునేవాడు. వాచీ, ఉంగరం ఇంట్లోనే తీసి పెట్టి వెళ్లేవాడు. డ్రమ్ము ముట్టుకునే ముందు ఒంట్లో ఏ కాస్త కరెంటున్నా దిగిపోవాలని చెయ్యి తిప్పి నీళ్ల పైపుకి ఆనించేవాడు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే ఇంట్లో స్టవ్ వెలిగించే ముందు కూడా కుళాయిని ముట్టుకునేవాడట. "మేం నవ్వేవాళ్లం," అని ఆవిడ కుళాయి వంక చూసింది.

ఆ చూపు తప్పించుకోవడానికి నేను గదంతా కలియజూశాను. మూలనున్న చెక్క బీరువాకి నీలం రంగు వేసి ఉంది. అద్దంలా ఉంది పని. గోడవైపు తొంగిచూస్తే వెనక పలకకి కూడా అంతే నున్నగా రెండు పూతలు.

"వెనకవైపు ఎవరు చూస్తారయ్యా?" అన్నాను ఆ కుర్రాడితో, కాస్త తేలికపరుద్దామని.

"బావ చూస్తాడండీ," అన్నాడు. అనేశాక తల దించుకున్నాడు.

కనపడేచోట ఎవడైనా వేస్తాడు, కనపడనిచోట వేసినవాడే పనివాడు అని వీడికి బ్రష్షు పట్టిన రోజునుంచీ నూరిపోసింది ఆయనే అని అక్క చెప్పింది. తర్వాత అసలు మాటకొచ్చింది. సిగరెట్ వల్లే అంటుకుందని ఫ్యాక్టరీలో అప్పుడే అనుకుంటున్నారు. ఆ మాట పక్కింటికి కూడా చేరింది.

"నిన్న వాళ్లింటికి వెళ్లాను. 'మీ ఆయన దమ్ము కోసం మా ఆయన పోయాడు' అని ఒక్కటే మాట అంది. తలుపేసుకుంది. పద్నాలుగేళ్లు ఒకే గోడకి అటూ ఇటూ బతికామండీ. నాకేమీ వద్దు. ఆమె ముందు తలెత్తుకుని నిలబడాలి. అంతే."

అంతే అన్నదే కానీ, ఈ వృత్తిలో నన్ను అంతకంటే పెద్దది ఎవరూ అడగలేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక చెక్కపెట్టె ఉంది. లోపలికెళ్లే ప్రతివాడూ లైటరు, అగ్గిపెట్టె, సెల్‌ఫోను అందులో పెట్టి బిళ్ల తీసుకోవాలి. మేస్త్రీది ఇరవై ఏడో నంబరు అర. తెరిపించాను. అందులో లైటరూ సిగరెట్ పెట్టే ఉన్నాయి. బుధవారం ఒంటిగంటన్నరకి భోజనానికి బయటికొచ్చి తీసుకున్నాడు, రెండుం పావుకి మళ్లీ పెట్టి లోపలికెళ్లాడు అని వాచ్‌మన్ పుస్తకం చూపించాడు. పెట్టెలో సిగరెట్లు ఎనిమిది మిగిలాయి. మూత లోపల పెన్సిలుతో గీతలు కొట్టి ఉన్నాయి. రోజుకి మూడు దాటకూడదని భార్యకి మాటిచ్చి, లెక్క తప్పకుండా గీసుకున్నాడట. వాచ్‌మన్ ఆ సంగతి చెబుతూ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

రెండో నంబరు గదిలోకి వెళ్లేసరికి రెండున్నర. తమ్ముణ్ణి వెంటబెట్టుకున్నాను. ఫ్యాక్టరీలో ఏది ఎక్కడుందో పెయింటరుకి తెలిసినంత యజమానికి కూడా తెలియదు. లోపల అప్పటికే సూపర్వైజరూ, బీమా సర్వేయరూ ఉన్నారు.

ఈ సర్వేయరు ఒకప్పుడు నా పక్క కుర్చీలో పనిచేసినవాడే. కాగితం కనపడితే చాలు సంతకం పెడతాడని మేమంతా సంతకం సార్ అనేవాళ్లం. మనిషి చెడ్డవాడు కాదు. తొందరెక్కువ. నన్ను చూడగానే నవ్వి, మీటరు తెచ్చుకున్నావా అని పలకరించాడు. తన రిపోర్టు నాలుగింటికి వెళ్లిపోతుందని, అందాకా నాకు తోచింది కొలుచుకోమని చెప్పాడు. చేతిలోని ప్లాస్టిక్ సంచీ ఊపాడు. అందులో బొటనవేలంత నల్లటి ముద్ద.

"మేస్త్రీ పక్కన దొరికింది. లైటరు," అన్నాడు.

"ఆయన లైటరు గేటు దగ్గరుంది."

"ఒకడికి రెండు లైటర్లుండకూడదా?"

సంచీ తీసుకుని ఆ ముద్దని కిటికీ వెలుతురులో తిప్పి చూశాను. ఇత్తడి. లోపల సన్నగా మరలు తిరిగి ఉన్నాయి. గొట్టం చివర బిగించే నట్టు అది. లోపల మరలున్న లైటరుని నేను మాత్రం ఇంతవరకూ చూడలేదన్నాను. సూపర్వైజరు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సంతకం సార్‌కి నవ్వు పోయింది.

"సరే, లైటరు వదిలెయ్. నాకొకటి చెప్పు," అన్నాడు. "డ్రమ్ముకి ఎర్త్ ఇచ్చేది పంతొమ్మిదేళ్లుగా ఇదే క్లిప్పు, ఇదే రాగిపట్టీ. ఆ రోజు పొద్దున పదకొండు డ్రమ్ములు నింపాడు, ఏమీ కాలేదు. భోజనం చేసొచ్చాక మొదటి డ్రమ్ముకే అంటుకుంది. ఈ మధ్యలో ఏం మారింది? తిన్నాక మనసు దమ్ము మీదికి పోవడం తప్ప ఏం మారుతుంది?"

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న సరైనదే. జవాబే తప్పు. ఆ ప్రశ్నని నేను జేబులో వేసుకుని గది చూడటం మొదలుపెట్టాను.

టోలుయిన్ చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. రంగులు కలిపే థిన్నరు వాసన. కాసేపు పీలిస్తే ముక్కు మొద్దుబారి, వాసన పోయిందనుకుంటాం. పోదు. దాని ఆవిరి గాలికంటే మూడింతలు బరువు, పైకి లేవకుండా నేలమీద పాకుతూ పోతుంది. ఎక్కడో పదడుగుల దూరంలో నిప్పురవ్వ తగిలినా, మంట నేల పట్టుకునే వెనక్కి వస్తుంది. నీళ్లు పోస్తే ఆరదు, నీళ్లమీద తేలి ఇంకా పరుచుకుంటుంది. దుప్పటితో మూసినట్టు నురగతో కప్పాలి. మనిషి సిగరెట్ వెలిగించి అంటించి ఉంటే ముందు కాలాల్సింది నేల, గోడల అడుగు, ఆ మనిషి కాళ్లు.

ఇక్కడ తలుపువైపు గోడ అడుగున జానెడు ఎత్తున రంగు చెక్కు చెదరలేదు. మేస్త్రీ చెప్పులు అరికాళ్ల దగ్గర కాలలేదని ఆసుపత్రి కాగితంలో ఉంది. కాలింది ఛాతీ, చేతులు, మొహం. ఆ రాత్రి నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

గదిలో మూడు డ్రమ్ములున్నాయి. రెండింటికి బయట రంగు మాడి, అతుకులు మెల్లగా విచ్చుకున్నాయి. అవి బయటి మంటకి ఉబ్బినవి. మూడోది, గొట్టం కింద ఉన్నది, పైమూత ఒక్క దెబ్బకి చిరిగి పైకి లేచింది. ఒంటికి మాడిన రంగు తక్కువ.

"ఇది లోపల్నుంచి పేలింది," అన్నాను. "పెట్రోలు డ్రమ్ములో ఆవిరి మరీ చిక్కగా ఉండి లోపల అంటుకోదు. టోలుయిన్ అలా కాదు. మామూలు ఎండలో డ్రమ్ము ఖాళీలో దాని ఆవిరి మండడానికి ఎంత కావాలో అంతే ఉంటుంది. మేస్త్రీ సిగరెట్‌ని డ్రమ్ము మూతిలో పెట్టి ఉంటే తప్ప నీ కథ కుదరదు."

సంతకం సార్ ఒప్పుకోలేదు. పేలింది లోపలే అనుకున్నా నిప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించమన్నాడు. గొట్టంలో వేగంగా పారేటప్పుడు ఈ ద్రవంలోనే కరెంటు పుడుతుందని, డ్రమ్ములో పోగుపడుతుందని, అది నేలలోకి దిగే దారి లేకపోతే గొట్టం కొసకీ డ్రమ్ము మూతికీ మధ్య చిటుక్కుమంటుందని అతనికి నేను చెప్పాల్సిన పని లేదు. ఇద్దరం ఒకే పుస్తకం చదివాం. అతను వేలు పెట్టి చూపించాడు. కాలిన డ్రమ్ము అంచుకి ఎర్త్ క్లిప్పు పట్టుకునే ఉంది.

"దారి ఉంది. మేస్త్రీ క్లిప్పు పెట్టాడు. నువ్వు నీ మనిషిని గొప్పవాణ్ణి చేసే కొద్దీ నా మాటే నిలబడుతోంది," అన్నాడు.

ఆ దారి వెంటే కళ్లు పోనిచ్చాను. క్లిప్పునుంచి తీగ, తీగనుంచి గోడమీద రాగిపట్టీ, పట్టీ గోడ దాటి బయటికి, అక్కణ్ణుంచి ఎర్త్ గోతిలోకి. నేను మోకాళ్లమీద కూర్చుని మీటరు ఒక తీగ క్లిప్పుకి, పొడుగు తీగ బయట గోతిలో ఉన్న కడ్డీకి పెట్టించాను. ముల్లు కదల్లేదు.

మళ్లీ పెట్టాను. కదల్లేదు. మీటరు పాడైందేమోనని రెండు కొసలూ కలిపాను. ముల్లు ఠక్కున చివరికి పోయింది.

మీటరు బాగానే ఉంది, తెగింది దారే. నలుగురం గోడ వెనక్కి వెళ్లాం. నీళ్ల గొట్టం చాటున మోకాలెత్తులో రెండు పట్టీలు కలిసే అతుకు ఉంది. నిగనిగలాడే ఆకుపచ్చ రంగు. శుక్రవారం పెద్దలు తనిఖీకి వస్తున్నారని వారమంతా ఫ్యాక్టరీకి రంగులు వేయించామని సూపర్వైజరు చెప్పాడు. బయటి రంగుకి భయం లేదు. రాగి రాగిని తాకుతూ ఉంటే పైన ఏ రంగున్నా కరెంటు పోతుంది. కానీ అతుక్కి ఇటు పది అంగుళాలు, అటు పది అంగుళాల దూరంలో కొత్త రంగు మధ్య రాగి బయటపడిన సన్నటి గీతలున్నాయి. ఏదో తీగ గట్టిగా చుట్టి విప్పేసిన గుర్తులు.

"ఇదేంటి?" అన్నాను.

"నేను చుట్టిందేనండీ," అన్నాడు తమ్ముడు. వాడి గొంతులో దాపరికం లేదు. పైగా కాస్త పనివాడి గర్వం కూడా ఉంది. "మంగళవారం సాయంత్రం అతుకు విప్పాను. బోల్టంతా తుప్పు. ఎర్త్ ఒక్క నిమిషం కూడా తెగకూడదని బావ చెప్పాడు. అందుకని ముందు తీగ చుట్టి, అప్పుడు విప్పాను. ఆరాక బుధవారం మధ్యాహ్నం బిగించి, తీగ తీసేశాను."

"ఎన్నింటికి?"

"ఒంటిగంటన్నరకి. అందరూ భోజనానికి వెళ్లినప్పుడు."

సంతకం సార్ నా వంక చూశాడు. మధ్యలో ఏం మారింది అన్న తన ప్రశ్న అతనికీ గుర్తొచ్చింది. ఇంక అడక్కుండా ఉంటే బాగుండుననిపించింది.

"విప్పు," అన్నాను.

స్పానరు తీసి వాడే విప్పాడు. చేతులు చకచకా ఆడాయి. బోల్టు వచ్చింది. దాని మరలమీద కూడా ఆకుపచ్చ. వాషర్లు రెండువైపులా ఆకుపచ్చ. పట్టీలు రెండూ విడదీశాడు. ఒకదాన్నొకటి తాకాల్సిన ఆ రెండు ముఖాలమీద, గీత పడకుండా, బుడగ లేకుండా, రెండేసి పూతల రంగు.

బద్ధకస్తుడైతే పైపైన ఒక పూత పూసి పోయేవాడు. అప్పుడు ఇద్దరూ బతికుండేవారు. మేస్త్రీ పద్ధతిగా క్లిప్పు పెట్టాడు, పద్ధతిగా పైపుకి చెయ్యి ఆనించాడు, పద్ధతిగా పంపు వేయించాడు. ఆయన నేర్పిన పని ఆయన వెనకే గోడ చాటున ఉంది.

వాడికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. పట్టీని అటూ ఇటూ తిప్పాడు. గోటితో గీకాడు. కింద రాగి మెరిసింది. నా మీటరు వంక చూశాడు. ఆ మొహం నేను మర్చిపోదామన్నా పోవడం లేదు.

"మళ్లీ తుప్పు పట్టకూడదని లోపలంతా..." అని ఆగిపోయాడు.

అప్పుడు గోడకి అవతల, ఒకటో నంబరు గదిలో పంపు మోత మొదలైంది.

ఆ వారమంతా ఆ గది ఖాళీ అని, ఇవాళ మూడున్నరకి పని మొదలెట్టించానని సూపర్వైజరు నెమ్మదిగా అన్నాడు.

"ఆ గది అతుక్కీ నేనే వేశాను," అన్నాడు తమ్ముడు. అని స్పానరు పారేసి పరిగెత్తాడు.

నా మోకాళ్లు పరుగుకి పనికిరావు. నేను మూల తిరిగేసరికి పంపు మోత ఆగింది. గదిలో ఇద్దరు పనివాళ్లు బిక్కచచ్చి నిలబడ్డారు. డ్రమ్ములో అప్పటికి నాలుగు వేళ్ల లోతు పడింది. వాడు ఎర్ర బొత్తాం మీద అరచెయ్యి అదిమిపెట్టి అలాగే ఉండిపోయాడు. తియ్యమంటే తియ్యలేదు. నేను వెళ్లి వాడి వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. గోళ్ల సందుల్లో ఇంకా ఆకుపచ్చ ఉంది.

వరండాలో సంతకం సార్ రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాడు. మేస్త్రీ సిగరెట్ గురించి రాసిన వాక్యం అడ్డంగా కొట్టేశాడు. ఇన్నేళ్లలో అతను రాసింది కొట్టేయడం నేను చూడలేదు.

"ఆయన పేరు తీసేశా. మరి ఈ ఖాళీలో ఎవరి పేరు రాయమంటావు?" అన్నాడు.

"ఆ కుర్రాడిది మాత్రం రాయకు. రంగు ఎక్కడ వేయకూడదో వాడికి ఎవరైనా చెప్పారా? బుధవారం అతుకు బిగించాక మీటరు పెట్టి చూడాల్సిందెవరు?"

పనుల పుస్తకం తెప్పించాడు. బుధవారం పేజీలో 'ఎర్త్ అతుకు, రంగు, బాగుంది' అని ఉంది. కింద సూపర్వైజరు సంతకం. సూపర్వైజరు గోడకేసి తిరిగి నిలబడ్డాడు. సంతకం సార్ ఆ పుస్తకాన్ని చాలాసేపు చూశాడు. చూడకుండా సంతకం పెట్టడమంటే ఏమిటో అతనికి ఇంకొకరు వివరించక్కర్లేదు. నాలుగు దాటింది. రిపోర్టు వెళ్లలేదు.

ఇంటికి నడిచే వెళ్లాం. దారిలో నేను వాడికి ఒకటే చెప్పాను. కావాలంటే నేను చెబుతాను, నువ్వు బయట ఉండు అని. వాడు తల అడ్డంగా ఊపాడు. నేనే చెబుతానన్నాడు. ఇంకో నాలుగడుగులు వేశాక, బావ చూసి ఉంటే ఒక్క నిమిషంలో పట్టుకునేవాడండీ, అన్నాడు.

అక్క గుమ్మంలోనే ఉంది. పొద్దుటినుంచీ అక్కడే ఉందేమో. తమ్ముణ్ణి కాదు, నన్ను చూసి అడిగింది.

"ఆయన తప్పు లేదు కదండీ?"

"లేదమ్మా. వీసమెత్తు లేదు."

ఆవిడ కళ్లు మూసుకుంది. గుమ్మానికి చెయ్యి ఆనించి గట్టిగా ఊపిరి తీసుకుంది. మూడు రోజుల తర్వాత ఆ మొహంలో కాస్త వెలుగు వచ్చింది. అప్పుడు వాడు మెట్టుమీద కూర్చుని చెప్పాడు. తుప్పు పట్టిన బోల్టు, చుట్టిన తీగ, రెండు పూతలు, ఒంటిగంటన్నర. ఏమీ దాచలేదు, ఏమీ తగ్గించలేదు. చివర్న, "కనపడనిచోట కూడా వేశానక్కా," అన్నాడు.

నేను ఇరవై రెండేళ్లు ఎన్నో చావు కబుర్లు మోశాను. ఆ నిమిషంలో మాత్రం వీధివైపు తిరిగి నిలబడ్డాను, చూడలేక.

లోపల కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఎంతసేపైందో తెలియదు. తిరిగి చూస్తే ఆవిడ వాడి పక్కన మెట్టుమీద కూర్చుని, వాడి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, గోళ్లలోని రంగుని చీర చెంగుతో తుడుస్తోంది. అది పోయే రంగు కాదు. అయినా తుడుస్తోంది. కన్నీళ్లు వాటంతటవే కారిపోతున్నాయి.

తర్వాత లేచింది. వాణ్ణి మణికట్టు పట్టుకుని లేపింది.

"ఎక్కడికక్కా?"

"పక్కింటికి. వాళ్లాయన ఎలా పోయాడో ఆమెకి మనమే చెప్పాలి. వేరేవాళ్ల నోట వినకూడదు."

వాడి కాళ్లు కదల్లేదు. ఆవిడ వదల్లేదు. తలెత్తుకుని నిలబడాలని పొద్దున నన్ను అడిగిన మనిషి, తమ్ముడి చెయ్యి పట్టుకుని తల దించుకునే నడిచి, మూసి ఉన్న ఆ తలుపు మీద రెండుసార్లు తట్టింది.

లోపల గడియ తీస్తున్న చప్పుడైంది.